మేకపోతు గడ్డం నుంచి మా అమ్మాయి వాకిలి దాకా: తెల్ల రాక్ రోజ్ చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా పంపమని సంపాదకవర్గం వారు కోరారు. సంఘం చరిత్ర, పి.ఆర్.సి.ల చరిత్ర నాకన్నా బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. ఆ జోలికి నేను పోను. ఒక మొక్క చరిత్ర రాస్తాను. మొక్కకు చరిత్రేమిటని నవ్వుకోకండి. రాజుల చరిత్ర కంటే ఇది పాతది. పైగా ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. ముప్పై అయిదేళ్లు నీళ్ల శాఖలో పనిచేసినవాడు నీళ్లు పోసి మొక్కను చంపిన కథ అది.

నేను 1974లో ఇరిగేషన్ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా అనంతపురంలో పదవీ విరమణ చేశాను. నా సర్వీసంతా కాలువల గేజి రిజిస్టర్లు, ఆయకట్టు లెక్కలు, టెయిలెండ్ రైతుల అర్జీల మధ్యనే గడిచింది. నీటి విలువ నాకు ఒకరు చెప్పనక్కరలేదనే అనుకునేవాణ్ణి.

లాన్ తీసేసిన వేసవి

2015 మే నెలలో నేనూ నా శ్రీమతీ అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ హోసేలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. అప్పటికి ఆ రాష్ట్రంలో కరవు నాలుగో ఏట పడింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న అక్కడి గవర్నరు జెర్రీ బ్రౌన్ సియెరా నెవాడా కొండల్లో, మామూలుగా అయిదడుగుల మంచు ఉండవలసిన చోట వట్టి గడ్డినేల మీద నిలబడి, పట్టణాల నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఉత్తర్వు ఇచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 5 కోట్ల చదరపు అడుగుల లాన్ తీసేసి తక్కువ నీటి మొక్కలు వేయించాలన్నది కూడా ఆ ఉత్తర్వులో ఒక అంశం.

మేం వెళ్లేసరికి మా అల్లుడు ఇంటిముందు లాన్ పెళ్లగించి గుట్టపోశాడు. "మామయ్యా, ఇక దీన్ని పచ్చగా ఉంచడం మనవల్ల కాదు" అన్నాడు. ఆ శని, ఆదివారాల్లో అందరం నర్సరీకి పోయాం. నా శ్రీమతికి కావలసింది ఒక్కటే: పూజకు తెల్లపూలు. అనంతపురంలో మా పెరట్లో నందివర్ధనం చెట్టు ఉండేది. పొద్దున్నే సజ్జ పట్టుకుని వెళ్లి పూలు కోసుకోనిదే ఆవిడకు కాఫీ దిగదు. నర్సరీలో ఎండ మాడిపోతున్న చోట, కంకర మీద, మోకాలెత్తు కూడా లేని ఒక మొక్క నిండా తెల్లపూలతో కనిపించింది. అయిదు రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. పూరేకు నలిపిన పట్టుగుడ్డలా ముడతలు ముడతలుగా ఉంది. ఆవిడ అక్కడే ఆగిపోయింది. "ఏమండీ, ఇది చాలు" అంది. మూడు మొక్కలు తెచ్చాం. వాటినే రాక్ రోజ్ అంటారు.

ఆ మొక్కను అక్టోబరులో నాటడం మంచిదని నర్సరీ పెద్దాయన చెప్పాడు. మేం ఆగలేదు. జూన్‌లోనే నాటేశాం.

పేరు, ఊరు

రాక్ రోజ్ అంటే మాటకు మాట రాతిగులాబి. అయితే ఇది గులాబి జాతి కాదు. పువ్వు అడవి గులాబిలా ఒంటిరేకలతో ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. శాస్త్రీయనామం సిస్టస్. ఇందులో ఇరవై పైచిలుకు జాతులున్నాయి. పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రాతి కొండలు: పోర్చుగల్, స్పెయిన్, ఫ్రాన్స్ దక్షిణ భాగం, ఇటలీ, గ్రీసు, టర్కీ, ఉత్తర ఆఫ్రికా తీరం. కొన్నిటికి గులాబి రంగు పూలు, కొన్నిటికి తెల్లపూలు.

మేం తెచ్చింది సిస్టస్ సాల్వీఫోలియస్ అనే తెల్లపూల జాతిలో నేలబారుగా పాకే రకం. ఆకు సేజ్ అనే సుగంధపు మొక్క ఆకులా గరుకుగా ఉంటుంది కాబట్టి 1753లో లినేయస్ పండితుడు ఆ పేరు పెట్టాడు. ఫ్రాన్స్‌లోని మోంపెల్యే పట్టణం పేరుమీద సిస్టస్ మోన్‌స్పెలియెన్సిస్ అని మరో తెల్లపూల జాతి ఉంది. స్పెయిన్, పోర్చుగల్ కొండల్లో ఆళ్లెత్తు పెరిగి, అరచేతి వెడల్పు తెల్లపూలు పూసేది సిస్టస్ లాడానిఫర్. ఆకులు బంకతో జిగటగా ఉంటాయి. ఈ బంకతోనే అసలు చరిత్ర మొదలవుతుంది.

శాన్ హోసేలో పెద్ద లైబ్రరీ ఒకటి ఉంది. నగరమూ, అక్కడి విశ్వవిద్యాలయమూ కలిసి 2003 నుంచి నడుపుతున్నాయి. మధ్యాహ్నాలు అమ్మాయి ఆఫీసుకు, మనవరాలు బడికి పోయాక నాకు అదే కాలక్షేపం. అక్కడ చదివి నోట్‌బుక్కులో రాసుకున్నవే ఈ సంగతులు.

మేకపోతు గడ్డం

రాక్ రోజ్ ఆకుల నుంచి ఎండవేళ కారే బంకను లాడనం అంటారు. మనకు సాంబ్రాణి ఎలాగో ప్రాచీన గ్రీకులకు, ఈజిప్టువారికి, అరబ్బులకు ఇది అలాంటిది. ధూపానికి, అత్తరుకు, మందుకు వాడేవారు. బైబిల్ మొదటి గ్రంథంలో ఒంటెల మీద ఈజిప్టుకు సరకు తీసుకుపోయే వర్తకుల ప్రస్తావన వస్తుంది. వారి మూటల్లోని ఒక జిగురు ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దీన్ని గురించి ఒక తమాషా విషయం రాశాడు. లోకంలో ఇంత మంచి వాసన గల వస్తువు అంత కంపు కొట్టే చోట దొరకడం వింత అంటాడు. ఆ చోటేమిటంటే మేకపోతు గడ్డం! పొదల్లో మేస్తుంటే బంక గడ్డానికి అంటుకునేది. దాన్ని దువ్వి తీసేవారు. ఆయన దాన్ని అరేబియా సరకుగా చెప్పాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో డయొస్కొరిడీస్ అనే వైద్యుడు కూడా మేకల గడ్డాల నుంచి, తొడల నుంచి ఆ బంక తీయడాన్ని వర్ణించి, కొందరు పొదల మీద తాళ్లు ఈడ్చి కూడా తీస్తారని రాశాడు.

ఇవి పుక్కిటి పురాణాలేమో అనుకోవడానికి లేదు. 1700లో ఫ్రెంచి రాజు పంపగా టూర్నెఫోర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఓబ్రియే అనే చిత్రకారుణ్ణి వెంటబెట్టుకుని గ్రీసు దేశపు క్రీట్ ద్వీపానికి వెళ్లాడు. ఎండ బాగా కాసే వేళ, గాలి లేని సమయం చూసి కూలీలు కొండమీద పొదలను కొడుతుండటం స్వయంగా చూశాడు. వాళ్ల చేతుల్లో ఉన్నవి పొడుగు కర్రకు తోలు పట్టీలు వరుసగా కట్టిన చర్నాకోలల వంటి సాధనాలు. బంక తోలుకు పట్టేది. తర్వాత కత్తితో గీకి ఉండలు చేసేవారు. టూర్నెఫోర్ 1708లో చనిపోయాడు. ఆయన యాత్రా గ్రంథం 1717లో వెలువడింది. క్రీట్‌లో కొట్టేది గులాబి రంగు పూల జాతిని. మన తెల్లపూల లాడానిఫర్ నుంచి స్పెయిన్‌లో మరో పద్ధతిలో తీస్తారు. కొమ్మలు కోసి నీళ్లలో ఉడకబెట్టి బంకను వేరుచేస్తారు. నేటికీ సెంట్ల పరిశ్రమకు ఆ బంక కావలసిన వస్తువే. ఆంబర్ అనే పేరుతో అమ్మే పరిమళాల్లో చాలావాటికి ఇదే ఆధారం.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బంక కారేది ఎండకు, నీళ్లు లేని కాలానికి. ఆకుల మీది ఆ పూత మొక్కను ఎండ నుంచి కాపాడుతుంది. అంటే మనుషులు అత్తరు అనుకున్నది ఆ మొక్కకు గొడుగు. ఈ సంగతి నాకు ఆ వేసవిలో కాస్త ముందు తట్టి ఉంటే బాగుండేది.

కొండ దిగి తోటలోకి

బంక కోసం కొట్టించుకున్న పొద ఇళ్ల ముందుకు ఎలా వచ్చింది? ఇంగ్లీషు తోటమాలులు, పండితుల పుణ్యాన. లండన్‌లో రాబర్ట్ స్వీట్ అనే ఆయన 1825 నుంచి 1830 వరకు ఈ కుటుంబం మొక్కల మీదనే 112 రంగుల బొమ్మలతో ఒక గ్రంథం వెలువరించాడు. అయితే ఇంగ్లండు చలికి, తడికి చాలా రకాలు నిలిచేవి కావు. గట్టి మంచు పడిన ఏడు తోటలకు తోటలే పోయేవి. ఫ్రాన్స్ దక్షిణాన కోర్బియేర్ కొండల పేరుతో పిలిచే ఒక తెల్లపూల సంకరజాతి మాత్రం చలికి బాగా ఓర్చుకుంది. దాని మొగ్గ ఎరుపు, పువ్వు తెలుపు.

1930లో సర్ ఆస్కార్ వార్‌బర్గ్, ఆయన కుమారుడు కలిసి ఈ మొక్కల మీద ఒక పెద్ద పరిశీలన ప్రకటించారు. తండ్రీకొడుకులు కలిసి మొక్కల లెక్క రాయడం నాకు ముచ్చటేసింది. 1939లో కాలింగ్‌వుడ్ ఇంగ్రామ్ అనే ఆయన పోర్చుగల్‌లో సముద్రపు గాలికి నేలకు కరుచుకుని పెరిగే పెద్ద తెల్లపూల రకాన్ని సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర నుంచి ఇంగ్లండు తెచ్చాడు. జపాన్‌లో కనుమరుగైన ఒక తెల్ల చెర్రీని తన తోట నుంచి తిరిగి జపాన్‌కు పంపినవాడు కూడా ఈయనే.

అప్పటికీ ఇది సరదాపరుల మొక్కే. దాని అసలు గుణం లోకానికి కనబడేలా చేసినవారిలో ముఖ్యురాలు బెత్ చాటో అనే ఆవిడ. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతం ఆ దేశంలోకెల్లా వాన తక్కువ చోటు. ఏడాదికి 20 అంగుళాలు. అక్కడ తన నర్సరీ కార్ పార్కింగు స్థలాన్ని 1991–92లో దున్నించి, గులకరాళ్లు పరిచి, ఎండకు తట్టుకునే మొక్కలు నాటింది. ఎంత ఎండ కాసినా ఒక్క బిందె నీళ్లు పోయించనని నియమం పెట్టుకుంది. రాక్ రోజ్‌లు ఆ తోటలో చక్కగా బతికాయి. ఆవిడ 2018లో కాలం చేసింది. తోట ఇంకా ఉంది.

కాలిఫోర్నియాకు మధ్యధరా దేశాలకు దూరం చాలా ఉన్నా వాతావరణం ఒకటే. చలికాలంలో వాన, వేసవిలో చుక్క ఉండదు. లోకం మొత్తం మీద ఇలాంటి ప్రాంతాలు అయిదే. మధ్యధరా తీరం, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలో కేప్ ప్రాంతం, ఆస్ట్రేలియా నైరుతి, దక్షిణ భాగాలు. అందుచేత అక్కడి కరవుకాలంలో లాన్ స్థానంలోకి ఈ పొద సులువుగా వచ్చింది.

బియ్యం కడిగిన నీళ్లు

ఇక నా పొరపాటు. ఆ వేసవిలో తోటలకు నీళ్లు వారానికి రెండు రోజులే పెట్టాలని ఆంక్ష ఉండేది. మా ఆవిడ వంటింట్లో బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్లన్నీ బకెట్టులో పోసి ఉంచేది. అనంతపురం అలవాటు. ఆ బకెట్టు మోసే ఉద్యోగం నాది. మొదటి వేసవిలో వారానికొకసారి పోస్తే చాలని నర్సరీ ఆయన చెప్పి ఉన్నాడు. నాకు మనసొప్పలేదు. జూలై ఎండలో ఆకు కొద్దిగా రాలితే ప్రాణం ఉసూరుమనేది. వాకిలి పక్కనున్న మొక్కకు పొద్దునా సాయంత్రం పోశాను. "ఏమండీ, ఆ మొక్క మిమ్మల్ని అడిగిందా?" అని ఆవిడ అననే అంది. నేను వినలేదు.

ఆగస్టులో ఆ మొక్క వాడింది. దాహమనుకుని ఇంకో బకెట్టు పోశాను. వారంలో ఎండిపోయింది. పెకలించి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. వారానికొకసారి మాత్రమే నీళ్లు చూసిన మిగతా రెండూ పచ్చగా ఉన్నాయి. నర్సరీ ఆయన్ను అడిగితే చెప్పాడు: వేసవి దానికి నిద్రకాలం. చలికాలపు పెద్ద ఆకులు కొన్ని రాల్చి, చిన్న మందపాటి ఆకులతో కాలం గడుపుతుంది. ఆ వేళ వెచ్చటి నేలలో రోజూ తడి ఉంటే వేరుకుళ్లు పట్టుకుంటుంది.

మా మనవరాలు అప్పుడు నాలుగో తరగతి. "తాతయ్యా, నువ్వు వాటర్ డిపార్ట్‌మెంటు కదా?" అంది. ఏం జవాబు చెప్పను? టెయిలెండుకు నీళ్లందలేదన్న అర్జీలే నా సర్వీసంతా చూశాను. నీళ్లు ఎక్కువయ్యాయన్న అర్జీ ఎవరూ పెట్టరు. పెట్టడానికి ఆ మొక్కకు నోరు లేదు.

పెంచే విధానం

పిల్లల దగ్గరకు ఆ దేశాలు వెళ్లే మిత్రుల కోసం నాలుగు మాటలు రాస్తాను.

రోజంతా ఎండ పడే చోటు, నీరు నిలవని గరప నేల కావాలి. నేల బంకమన్ను అయితే మట్టి ఎత్తుగా పోసి దాని మీద నాటాలి. ఎరువు వేయరాదు. బలమైన నేలలో ఏపుగా పెరిగి పడిపోతుంది. నాటడానికి సరైన కాలం వానలకు ముందు, అంటే అక్కడ అక్టోబరు, నవంబరు. మొక్కకు మొక్కకు నాలుగైదు అడుగుల ఎడం ఇవ్వాలి. పాకే రకం ఎత్తు రెండడుగులు మించదు గాని వెడల్పు ఆరడుగుల దాకా పోతుంది. కలుపుకు వెలుతురు అందనీయదు. ఆకు ఏడాది పొడుగునా ఉంటుంది. మొదటి వేసవి వారానికొకసారి లోతుగా తడపాలి. వేరు పట్టాక నెలకొకసారి చాలు, కొన్నిచోట్ల అదీ అక్కరలేదు. పూత అయిపోయాక లేత కొనలు మాత్రం కత్తిరించాలి. ముదురు కొమ్మ నరికితే మళ్లీ చిగురించదు. ఇది ముఖ్యం. పది పదిహేనేళ్లకు మొక్క ముసలిదవుతుంది. అందుకని ముందే వేసవి చివర కొమ్మముక్కలు ఇసుకలో గుచ్చి వారసులను సిద్ధం చేసుకోవాలి.

పువ్వు ఆయుష్షు ఒక్కరోజు. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి రేకులు రాలుస్తుంది. మరునాటికి కొత్తవి వస్తాయి. "దీనికి నిర్మాల్యం తీసే పని కూడా లేదు, తనే తీసేసుకుంటుంది" అని మా ఆవిడ మురిసిపోయేది. వసంతంలో ఆ పూత నాలుగైదు వారాలు ఉంటుంది.

మన నేలకు ఎందుకు తేలేదు

నవంబరులో తిరుగు ప్రయాణానికి ముందు ఎండిన కాయల నుంచి గింజలు తీసి ఒక కవరులో పెట్టాను. అనంతపురం కూడా కరవు సీమే కదా, అక్కడ ఎందుకు పెరగదని నా ఊహ. అమ్మాయి చూసి "నాన్నా, పర్మిట్ లేకుండా విత్తనాలు తీసుకుపోకూడదు" అంది. నిజమే. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మన దేశంలోకి విత్తనాలు తేవాలంటే అనుమతి ఉండాలి. ప్రభుత్వోద్యోగం చేసినవాణ్ణి, రూలు తప్పలేను. కవరు అక్కడే వదిలేశాను.

ఇంటికి వచ్చాక లెక్కవేసి చూస్తే అసలు తేనక్కరే లేదని తెలిసింది. అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. శాన్ హోసేకు 380 మాత్రమే. అంటే వాళ్లకంటే మనకే ఎక్కువ! కాని మనకు పడేది జూన్ నుంచి అక్టోబరు దాకా, నేల వెచ్చగా ఉన్నప్పుడు. వాళ్లకు పడేది చలికాలంలో. నేను ఆ మొక్కకు రెండు నెలల్లో బకెట్టుతో చేసిన పని మన రుతుపవనం ఏటా చేస్తుంది. ఎంత నీరు అన్నదొక్కటే కాదు, ఎప్పుడు అన్నది కూడా చూడాలి. కాలువ రొటేషన్లు రాసిన నాకు అది తెలియక కాదు, మొక్కకు వర్తింపజేయలేదంతే.

మనకు ఆ స్థానంలో తెల్ల బిళ్లగన్నేరు ఉంది. మండుటెండ, గరప నేల, తక్కువ నీరు, ఆకు రాల్చదు, గింజ రాలి తనే మొలుస్తుంది. అదీ వలస వచ్చిందే. పుట్టిల్లు మడగాస్కర్. 1950ల చివర కెనడాలో పరిశోధకులు షుగరుకు మందు వెతుకుతూ దీనిలో క్యాన్సరు మందు కనుగొన్నారు. అయితే ఒక హెచ్చరిక. షుగరుకు మంచిదని మనలో కొందరు దీని ఆకులు నములుతున్నారు. అందులో ఉన్నది విషగుణం. దయచేసి డాక్టరుని అడగనిదే నోట పెట్టకండి.

మా ఆవిడ 2019 డిసెంబరులో కాలం చేసింది. 2022 వసంతంలో నేనొక్కణ్ణే శాన్ హోసే వెళ్లాను. చనిపోయిన మొక్క చోటు నిండిపోయి ఉంది. అటూ ఇటూ ఉన్న రెండు మొక్కలు పాకి కలుసుకున్నాయి. ఏడేళ్లలో వాటికి ఎరువు వేసినవారు లేరు, వేసవిలో పైపు పట్టినవారూ లేరు. పొద్దున్నే మనవరాలు పూలు కోసి అమ్మమ్మ ఫోటో దగ్గర పెట్టేది. మధ్యాహ్నానికి రాలేవి. మర్నాడు మళ్లీ కోసేది. ఆగస్టులో నేనూ, అల్లుడూ కొమ్మముక్కలు పన్నెండు గుచ్చాం. ఏడు బతికాయని తర్వాత ఫోనులో చెప్పాడు.

నేనక్కడ ఉన్నన్నాళ్లూ బకెట్టు ముట్టుకోలేదు.

సెలవు.